ముట్టని రొట్టె

"నవ్వకండవ్వా! ఈ ఫొటో చూసి జనం చందాలివ్వాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎలా ఉంటారో, అలా మొహం పెట్టండి," అన్నాడు ఒంటరి ముసలివాళ్ళ ఫొటోలు తీయడానికి బిష్కెక్ నగరం నుంచి వచ్చిన ఎర్మెక్, కెమెరా వెనకనుంచి.

అనార అవ్వకి నవ్వు ఆగితే కదా! ఆ కొండమీది ఇంటికి మనిషన్నవాడు వచ్చి నాలుగు నెలలైంది.

"ఎవరూ లేనప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నాకేం తెలుసురా? చూసి చెప్పేవాళ్ళుంటేగా!"

అతను బల్లమీది మీగడ, జామ్, అప్పుడే కాల్చిన రొట్టె తీసి కిటికీలో పెట్టాడు. "ఇవి కనబడితే ఎవరూ జాలిపడరు."

ఎన్ని తీసినా ఆ నవ్వే. చివరికి విసుగొచ్చి లేచాడు. "పొద్దుపోతోంది, వస్తానవ్వా."

"బిష్కెక్‌లో ఇంటికొచ్చినవాళ్ళు రొట్టె తుంచకుండానే గడప దాటుతారట్రా?"

"ఈసారి వచ్చినప్పుడు తింటాలెండి."

అవ్వ కిటికీలోని రొట్టె వైపు చూసింది. కెమెరా క్లిక్కుమంది.

"అదీ! ఇదే కావాల్సింది," అంటూ సంబరంగా ఫొటో చూపించాడు.

అవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

"పాపం," అంది, "ఈవిడింటికి ఎవరూ రారు కాబోలు."