వాన నీళ్ళకు మాత్రమే

అందరికన్నా ముందు నడుస్తున్న హిమేనా విజిల్ ఊదేసరికి ఐదో తరగతి పిల్లలంతా మలుపు వైపు పరుగెత్తారు. అక్కడ ఒక మనిషి వీళ్ళకు వీపు పెట్టి, కాలిబాట అంచున వంగి, బకెట్లోని తెల్లటి నీళ్ళను తుఫాను నోట్లోకి వంపుతున్నాడు. వాననీళ్ళు దిగే ఇనప జాలీలను మోంతెవిదేవో నగరంలో అలాగే అంటారు.

"ఆపండి," అంది ఒతిలియా టీచర్, ఆయాసపడుతూనే.

అతను లేచి ఇటు తిరిగాడు. రంగులు వేసే మనిషి. టోపీ మీద, కనుబొమల మీద కూడా తెల్ల చుక్కలే. వెనకాల మూడంతస్తుల ఇంటి గోడ సగం తెల్లబడి ఉంది. బకెట్ కింద పెట్టాలో, పట్టుకునే ఉండాలో తెలియనట్టు నిలబడ్డాడు.

తెల్ల అంగీలు, మెడ దగ్గర నీలం రిబ్బన్లతో పిల్లలు అతని చుట్టూ మూగారు. పేటలో ఉన్న ప్రతి తుఫాను నోటి పక్కనా, ఈ నీళ్ళు సముద్రానికే పోతాయని గుర్తుచేసే చేప బొమ్మ వేస్తూ తిరుగుతున్నారు వాళ్ళు. తప్పు చేస్తూ చేతికి చిక్కిన మొదటి మనిషి ఇతనే.

"ఏం మామయ్యా, చేపలక్కూడా సున్నం కొడుతున్నావా?" అన్నాడు పొడుగు బౌతిస్తా. అందరూ పకపకా నవ్వారు.

టీచర్ నవ్వలేదు, అలాగని వాణ్ణి ఆపనూ లేదు. ఆవిడ ఆ బడికి ఈ ఏడాదే వచ్చింది. తన చేపల సంగతి పేటంతా చెప్పుకోవాలని ఆవిడకుంది. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది.

అతను ఏదో గొణిగాడు. ఇవి బ్రష్‌లు కడిగిన నీళ్ళేనన్నాడు. ఇంటావిడ స్నానాల గదిలో కడగనివ్వదన్నాడు. మురుక్కాలువైనా ఇదైనా ఒకటే అనుకున్నానన్నాడు.

బస్టాపులో మాతే టీ తాగుతున్న ముసలాయన కల్పించుకున్నాడు. "పోనిద్దురూ టీచర్. ఫ్యాక్టరీలు గొట్టాలు పెట్టి వదులుతుంటే అడిగే దిక్కు లేదు. ఈ బకెట్‌వాడు దొరికాడా మీకు?"

ఆ మాట టీచర్‌కి ఎక్కడో తగిలింది. పిల్లల ముందు చులకనైపోయినట్టనిపించింది. "చిన్న తప్పని వదిలేస్తే పిల్లలేం నేర్చుకుంటారండీ?" అని ఆయనకు బదులిచ్చి, "హిమేనా, రూలు చెప్పమ్మా," అంది.

రోజూ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని బస్సు దిగి వచ్చే ఆ పిల్లది క్లాసు మొత్తంలో గట్టి గొంతు. ఎప్పుడూ ముందుండే పిల్ల ఇప్పుడు కనబడలేదు. చూస్తే అందరి వెనకా వంగి బూటు లేసు కట్టుకుంటోంది. టీచర్ రెండోసారి పిలిచింది. పిల్లలే దారిచ్చి ఆమెను ముందుకు నెట్టారు.

"తుఫాను నోట్లోకి వాననీళ్ళు మాత్రమే పోవాలి," అంది హిమేనా, నేల చూస్తూ. పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినబడలేదు. టీచర్ గట్టిగా చెప్పమంది. "రంగు, నూనె, సబ్బునీళ్ళు పోయకూడదు. మురుగునీళ్ళను శుభ్రం చేసి వదులుతారు. ఇందులో పోసినవాటిని ఎవరూ శుభ్రం చేయరు. నేరుగా బీచ్‌కి పోతాయి."

"పోసినవాళ్ళకి?"

"జరిమానా."

అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని మొత్తం విన్నాడు. "పాప బాగా చెప్పింది," అన్నాడు.

"ఆ పాపకున్న జ్ఞానం మీకు లేకపోతే ఎలాగండీ? సిగ్గనిపించడం లేదూ?"

"అనిపిస్తోంది, టీచరమ్మా."

మాటవరసకు అన్నట్టు లేదు. మెడ దాకా ఎర్రబడిపోయాడు. టీచర్ అక్కడితో వదిలేసినా సరిపోయేది. కానీ ముసలాయన ఇంకా చూస్తున్నాడు. ఫోన్ ఇంకా నడుస్తోంది.

"మీకు పిల్లలున్నారా?"

అతను పిల్లల వంక చూశాడు. చూపు ఒకచోట ఆగి, కిందికి దిగిపోయింది.

"లేరు."

"అదీ సంగతి. ఉంటే, వాళ్ళ ముందు తలెత్తుకోవాలన్న ఆలోచనైనా ఉండేది."

ఇంతలో పై కిటికీ తెరుచుకుంది. ఫోన్‌ను చూసిందో ఏమో, ఇంటావిడ వీధంతా వినబడేలా అందుకుంది. అక్కడ పోయొద్దని ఎన్నోసార్లు చెప్పిందట, వినే రకం కాదట. సామాను సర్దుకుని పొమ్మంది. మిగతా గోడకు ఇంకెవరినైనా చూసుకుంటానంది. అతను గుడ్డ తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, జాలీ చుట్టూ ఒలికిన తెల్లనీళ్ళను అద్ది, బకెట్లోకి పిండాడు. మళ్ళీ అద్దాడు. పిల్లల నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో తెలియలేదు. 'ఇక చాలండీ' అనాలనుకుంది టీచర్. వీడియో ఆపేసి, పిల్లల్ని వరసలో నిలబెట్టి బడి దారి పట్టించింది.

తప్పు అతనిదే, తానన్న మాటలో తప్పేమీ లేదు అని తనకు తాను చెప్పుకుంటూ నడిచింది. అయినా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేకపోయింది. బడి వీధిలోకి తిరిగాక, ఎవరూ చూడకుండా ఆ వీడియో చెరిపేసింది.

హిమేనా అందరికన్నా వెనకబడిపోయింది. అంగీ చేతితో ముక్కు తుడుచుకుంటోంది. టీచర్ ఆగి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. కాస్త తడబడితే ఏమైంది, రూలంతా చెప్పావు, ఆయన కూడా మెచ్చుకున్నాడుగా అని ఊరడించింది.

"ఆయన మీకు అబద్ధం చెప్పాడు టీచర్," అంది హిమేనా.

"ఏమనీ?"

"పిల్లలు లేరని. మా నాన్నకి నేనున్నాను."