మూడో నియమం మీద అభ్యంతరం

పంటి డాక్టరు మందులషాపాయన్ని గాడిద అన్నాడు. మందులషాపాయన డాక్టరుగారి తాత దాకా వెళ్లాడు. గొడవంతా పార్కు తీసేసి కార్లు పెట్టుకునే మేడ కట్టాలా వద్దా అన్నదాని మీద. ఇద్దరిలో ఒక్కరూ ఆ పార్కులో అడుగుపెట్టిన పాపాన పోలేదు.

ఇదంతా ఫోన్లోనే. ‘వర్తమాన చర్చా వేదిక’ అని ఒక గ్రూపు. మూడువందల పన్నెండుమంది మేధావులు. వాళ్లందరికీ పెద్దదిక్కు రిటైరైన ప్రూఫ్‌రీడరు. పత్రికాఫీసులో ముప్పై ఏళ్లు లోకం తప్పులు దిద్దినవాడు. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముందు అచ్చుతప్పులు వెతికి, పెళ్లెవరిదో తర్వాత చూసే రకం.

“ఇలా లాభం లేదు. చర్చకు ఒక పద్ధతంటూ పెట్టాలి,” అన్నాడు భార్యతో.

“పెడుదురుగాని. ముందు ఆ కాఫీ తాగండి, చల్లారిపోతోంది. కొత్త గీజరు ఎలా వాడాలో మీ ఫోనుకే పంపారట, అదీ ఓసారి చూడండి.”

వారం రోజులు గది వదల్లేదు. పది నియమాలు రాశాడు. పూర్తిగా చదవకుండా అభిప్రాయం చెప్పకూడదు. మాటను విమర్శించాలి, మనిషిని కాదు. ఆధారం లేని వార్త పెట్టకూడదు. ఇలా పది. టైపు చేయించి, ఓ ఆదివారం పొద్దున ఫైలు గ్రూపులో పెట్టి, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నిమిషం తిరక్కుండానే బీమా ఏజెంటు తొమ్మిది దండాలు పెట్టాడు. “కళ్లు చెమర్చాయి సార్. మన చర్చల్లో వేడి తగ్గాలంటే ఇంతకు మించిన దారి లేదు.”

రెండో నిమిషంలో లాయరు దిగాడు. “మూడో నియమం భావప్రకటన స్వేచ్ఛకు గొడ్డలిపెట్టు. కోర్టులో నిలవదు.”

“రెండో పేజీ మొత్తం నన్ను దృష్టిలో పెట్టుకునే రాశారు. అర్థం చేసుకోలేనంత అమాయకుణ్ని కాను,” అన్నాడు పంటి డాక్టరు.

“లోతుంది. కానీ స్త్రీల కోణం కొరవడింది,” అంది లెక్చరరు.

మూడో నియమం మీదే నాలుగు రోజులు నడిచింది. ప్రూఫ్‌రీడరు ఓపిగ్గా జవాబులు రాశాడు. “అందులో ‘వీలైనంతవరకు’ అన్నాను కదండీ, గమనించలేదా?”

“గమనించాను. అసలు పేచీ ఆ మాట దగ్గరే,” అన్నాడు లాయరు.

ప్రూఫ్‌రీడరు పొంగిపోయాడు. “చూశావా? ఒక్కో అక్షరం పట్టి పట్టి చదువుతున్నారు. స్థాయి అంటే ఇదీ!” అని భార్యకు చదివి వినిపించాడు. ఆవిడ గిన్నెలు తోముకుంటూ ఊఁ కొట్టింది.

ఆ మురిపెంలో పుల్ల పెట్టినవాడు సొంత బావమరిది. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే షాపు అతనిది. పది గట్టెక్కలేదు. అక్క పోరు పడలేక బావ గ్రూపులో చేర్చుకున్నాడు గానీ, రెండేళ్లలో ఒక్కసారీ నోరు విప్పినవాడు కాదు. అలాంటివాడు అయిదో రోజున ఒక్క ముక్క రాశాడు.

“బావా, నిజంగా ఇవేనా మీ నియమాలు?”

మూడువందల పన్నెండుమంది చూస్తుండగా! ఏజెంటు వెంటనే అందుకున్నాడు. “పెద్దలతో ఈ వెటకారమేంటి?” లెక్చరరు సంస్కారం గురించి ఇరవై వాక్యాలు రాసింది. పంటి డాక్టరూ, మందులషాపాయనా తొలిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. “తీసెయ్యండి ఇతన్ని.”

తీసేశారు.

సాయంత్రం ఫోను మోగింది. “బావా, కోప్పడకండి. నలుగురిలో మీకు మాట రాకూడదని అలా అడిగాను. ఆ ఫైలు ఒక్కసారి...”

“నేను రాసిన దాని గురించి నువ్వు నాకు చెప్తావురా? క్షమాపణ రాయి, మళ్లీ చేర్చుకుంటాను.”

ఫోను పెట్టేశాడు. మళ్లీ మోగింది. ఎత్తలేదు.

“వాడు ఏదో చెప్పబోయాడు కదండీ. వింటే మీ సొమ్మేం పోయింది?” అంది భార్య.

“వినడానికి అవతలి వాడికీ ఓ అర్హతుండాలి.”

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. మూడు రోజులు కంచం బల్ల మీద పెట్టి, వడ్డించకుండానే వెళ్లిపోయింది. తమ్ముడు ఆ గుమ్మం తొక్కడం మానేశాడు.

గ్రూపులో మాత్రం శాంతి వెల్లివిరిసింది. ఓటింగు పెట్టారు. రెండువందల ఎనభై ఒక్కమంది సరేనన్నారు. లాయరు అసమ్మతిని గౌరవంగా నమోదు చేసుకుని, అక్షరం మార్చకుండా ఆమోదించారు. రీడింగ్‌రూము హాల్లో సభ పెట్టి ప్రూఫ్‌రీడరుకు సన్మానం చేయాలనీ తీర్మానించారు.

ఆ రోజు డెబ్భైమంది దాకా వచ్చారు. కుర్చీకో ప్రతి చొప్పున ఏజెంటు నీలం కవర్లు పెట్టించాడు. “గ్రూపులోని ఫైలే సార్. నేరుగా ప్రింటుకు పంపించా,” అని ప్రూఫ్‌రీడరు చెవిలో గర్వంగా చెప్పాడు. ఉక్క పోస్తుంటే జనం ఆ కవర్లతోనే విసురుకుంటున్నారు.

లాయరు అరగంట మాట్లాడాడు. ఇంత పకడ్బందీ రచన ఈమధ్య తను చదవలేదన్నాడు. మూడో నియమం మీద తన అభ్యంతరం అలాగే ఉందనీ అన్నాడు. లెక్చరరు శాలువా కప్పింది. పంటి డాక్టరూ మందులషాపాయనా వేదిక మీద కావిలించుకున్నారు. చప్పట్లు మారుమోగాయి. ముందు వరసలో ప్రూఫ్‌రీడరు భార్య చేతులు కదపలేదు.

చివరగా నియమాలను సభకు చదివి వినిపించే గౌరవం పంటి డాక్టరుకు దక్కింది. ఆయన కవరు చింపాడు. కాగితం మడత విప్పాడు. కళ్లజోడు సర్దుకుని, మైకు దగ్గరికి లాక్కుని, గంభీరమైన గొంతుతో మొదలుపెట్టాడు.

“ఒకటి: ట్యాంకు పూర్తిగా నిండినదని నిర్ధారించుకున్న తరువాతనే గీజరు స్విచ్చి వేయవలెను.”