తోక మీది గుడ్డ

ఆబిడ్స్‌లో ఆ ఇరానీ హోటల్ కిక్కిరిసి ఉంది.

అంజయ్య మూల టేబుల్ దగ్గర పుస్తకం ముందేసుకుని, చాయ్ సంగతే మర్చిపోయాడు. బేగంపేట విమానాశ్రయంలో హెల్పర్ అతను. తెల్లవారితే ఇంజనీరు లైసెన్సుకు ఓరల్ పరీక్ష. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాడు గానీ, ఓరల్‌లో రెండుసార్లు బోల్తా పడ్డాడు. ఈసారీ పోతే ఇక జన్మంతా ఎవరో ఇంజనీరుకు పానాలూ స్క్రూడ్రైవర్లూ అందించడమే.

"గీడ కూసోవచ్చా?"

తలెత్తి చూశాడు. మెడ దాకా గుండీలు పెట్టిన కోటు, నల్లటోపీ, చేతిలో గొడుగు. ఆ పెద్దాయన జవాబు కోసం ఆగకుండా కూర్చుని, పుస్తకంలోకి తొంగి చూశాడు.

"విమానం బొమ్మ ఉన్నది. గవి నువ్వు బాగు చేస్తవా?"

"రేపు లైసెన్సు పరీక్ష సార్. పాసైతే, విమానం ఎగరొచ్చని నేనే సంతకం పెడ్త."

"నువ్వు పెడ్తేనే ఎగురుతదా?" పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పరీక్ష కష్టంగ ఉంటదా?"

"మస్తు కష్టం సార్. సముద్రమంత చదివిస్తరు, చెంచాడు అడుగుతరు. గా చెంచాడే మనకు రాదు. ఏం న్యాయం సార్ ఇది?"

"ఇంకా జర కష్టంగ పెట్టాలె," అన్నాడు పెద్దాయన, నవ్వకుండా.

అంజయ్య ఆయన కోటు వంక, టోపీ వంక మళ్ళీ చూశాడు.

తోటి హెల్పర్ బీరయ్య చెప్పనే చెప్పాడు. "మద్రాసు నుంచి వచ్చే పెద్దాఫీసరు ముందురోజే ఆబిడ్స్‌ల దిగుతడంట. హోటళ్లల్ల కూసోని, పరీక్షకు వచ్చినోళ్లను తెల్వకుంట తూకమేసినట్టు జోకుతడంట." బీరయ్య మాటలకు ఆధారాలు అడగకూడదు. అయినా ఆ క్షణంలో అంజయ్యకు అవి వేదవాక్కులే అయ్యాయి.

గబుక్కున లేచి నిలబడ్డాడు. "చాయ్ తాగుతరా సార్? బిస్కెట్లు చెప్పాల్నా?"

"కూసో, కూసో. విమానమంత రేకే గదా?"

"అంతా కాదు సార్. డకోటా విమానానికి తోక కాడ కదిలే భాగాలకు గుడ్డ ఉంటది."

"గుడ్డా!" పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు. "ఎండకు, వానకు చీకిపోదా? చీకిందని ఎట్ల తెలుస్తది?"

అంజయ్య బుర్ర గోక్కున్నాడు. ఇంజన్ గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. చదవకుండా వదిలేసింది ఆ గుడ్డ పాఠం ఒక్కటే. నోటికొచ్చింది చెప్పేద్దామనుకున్నాడు. పెద్దాయన కళ్ళు చూస్తే ధైర్యం చాల్లేదు.

"తెల్వదు సార్. పుస్తకం చూసి చెప్త."

"చూసే చెప్పు. నాకేం తొందర లేదు."

అంజయ్య పేజీలు తిప్పి, చదివి, చెప్పాడు. నూలు గుడ్డ, దానిమీద పూసే పూత, బలం తెలియడానికి పరికరంతో నొక్కి చూడటం, చీకితే విప్పి కొత్తది వేయడం. పెద్దాయన వదిలితేనా! కుట్ల గురించి అడిగాడు, వాననీళ్ళ గురించి అడిగాడు, అడిగిందే మళ్ళీ అడిగాడు. మధ్యలో అంజయ్య చొక్కా అంచు రెండు వేళ్ళతో నలిపి చూశాడు కూడా. శుభ్రత చూస్తున్నాడు కాబోలనుకుని అంజయ్య గుండీలు సర్దుకున్నాడు.

చివరికి పెద్దాయన గొంతు తగ్గించాడు.

"పైనోళ్లు తొందరవెడ్తే, చూడకుంట సంతకం పెడ్తవా?"

"పెట్ట సార్. నౌకరీ పోయినా సరే."

పెద్దాయన అతని పేరు అడిగి, భుజం తట్టి, గొడుగు ఊపుకుంటూ నాంపల్లి వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు పరీక్ష గదిలో ఉన్నది వేరే ఎవరో కుర్ర ఆఫీసరు. మొట్టమొదట అడిగింది తోక మీది గుడ్డ గురించే!

అంజయ్య పాసయ్యాడు.

"పెద్దాఫీసరు ముందుగాల్నే నీకు చెప్పిపెట్టిండన్నట్టు," నవ్వాడు బీరయ్య. "గది సిఫారసే గదా!"

అందరికీ మిఠాయి పంచాడు గానీ, అంజయ్యకు ఆ మాట పట్టుకుంది. లైసెన్సు తన చదువుకు వచ్చిందో, ఆయన దయకు వచ్చిందో తేలలేదు. సంతకం పెట్టే ప్రతిసారీ చెయ్యి కాస్త వెనకాడేది.

కొన్నాళ్ళకు ఒక ఉదయం, బొంబాయి వెళ్ళే డకోటాకు సంతకం పెట్టి వస్తుంటే, ప్రయాణికుల్లో ఆ నల్లటోపీ, ఆ గొడుగు కనిపించాయి. భార్య పిలుస్తున్నా పెద్దాయన మెట్లెక్కకుండా తోక వంకే చూస్తున్నాడు.

అంజయ్య ఒక్క పరుగున వెళ్ళాడు. "సార్! నేను అంజయ్యను!"

"నువ్వేనా! దీనికి సంతకం నువ్వే పెట్టినవా?"

"ఔ సార్."

"గుడ్డ చూసినవా?"

"పొద్దుగాల్నే చూసిన సార్."

"అయితే సరే." పెద్దాయన వెనక్కి చూడకుండా ఎక్కేశాడు.

అంజయ్య ఆయన భార్యకు దండం పెట్టాడు. "అమ్మా, గంత పెద్దాఫీసరు నాకోసం ఆనాడు సిఫారసు చేసిండు."

"ఆఫీసరా?" ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సుల్తాన్ బజార్ల వామన్‌రావు చీరల దుకాణం మాదే నాయనా. ఆయనకు మీ ఆఫీసర్లు ఎవ్వరు ఎర్క, సిఫారసు చేయనీకె?"

అంజయ్య గుండెల మీది బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. లైసెన్సు తనదే, అచ్చంగా తనదే!

ఆమె మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"విమానమంటే భయపడి, అల్లుడు పంపిన టికెట్లు వాపస్ ఇయ్యనీకె పోతుంటే నువ్వు కలిసినవంట బిడ్డా, గప్పటిసంది, నువ్వు పాసైనవని గీడ అడిగి తెలుసుకునేదాంక బొంబాయిల పుట్టిన మనవరాలి మొహం సుత చూడకుంట ఆగిండు."