బంగారు కడియాల బరువు

ఆఫ్రికాలోని అకాన్ జాతి రాజు చెయ్యి భుజానికెత్తుకోగానే అన్సాకి ఒళ్లు చల్లబడింది. చెయ్యి దూదిలా తేలిపోతోంది!

పదేళ్లుగా కొలువులో ఆ చెయ్యి మోయడమే అతని పని. మోచేతి దాకా తొడిగే బంగారు కడియాల బరువుకి రాజు తనంతట తాను చెయ్యెత్తలేడు. ఇవాళ కడియాలు కర్రవి, పైన బంగారు రేకు.

ఆ కడియాల పెట్టెకి కాపలా అన్సా అన్నే. సంగతి బయటపడితే తెగేది అన్న తల.

"నానా," అని రాజుని పిలిచే మర్యాద మాటతో అన్సా ఆయన చెవిలో గొణిగాడు, "కడియాలు ఎవరో మార్చేశారు. మా అన్న అట్లాంటివాడు కాదు, మా అమ్మ మీదొట్టు!"

"నోర్ముయ్," అన్నాడు రాజు, పెదవి కదపకుండా. "మార్చింది నేనే. ఆ బంగారమిచ్చి తీరంలో తెల్లవాళ్ల దగ్గర తుపాకులు కొన్నాను."

ఎదురుగా శత్రురాజు దూతలు కడియాలకేసి కళ్లప్పగించి చూస్తున్నారు.

"వీళ్లు పసిగడితే, నానా?"

"ఖజానా ఖాళీ అనుకుని రేపే మీదపడతారు. తుపాకులింకా అడవిదారిలోనే ఉన్నాయిరా."

అన్సా దూతలకేసి ఓరగా చూశాడు.

అన్సా మోకాళ్లు వంచాడు. పళ్లు బిగించి, కొలువంతా వినేలా మూలిగాడు.

"నానా, తమరి చెయ్యి మోయడం ఇక నా ఒక్కడివల్ల కాదు. రేపట్నించి ఇద్దర్ని పెట్టండి!"