మెట్టు తప్పితే

ఆ అపార్టుమెంటులో వీణ మోగని ఇల్లు లేదు. చేతికి యంత్రపు తొడుగు వేసుకుంటే చాలు, వేళ్ళు వాటంతటవే వాయిస్తాయి. సుభాషిణి మాత్రం రోజూ పొద్దున్నే కుక్కర్ కూత వేసేలోపు ఉత్త చేతులతో సాధన చేసేది. గాంధారం మెట్టు దగ్గర వేలు జారుతూనే ఉండేది. విసిగిపోయి నిన్న మానేసింది. ఇవాళ తనూ తొడుగు వేసుకోబోతుంటే, ఎదురింటి వరాలమ్మ తలుపు తట్టింది.

“నిన్న వాయించలేదేం అమ్మాయ్? చూపులేని మా ఆయన వాకింగ్ నుంచి వస్తూ, నీ తప్పు వినే మన అంతస్తు పోల్చుకుంటారు. మిగతా ఇళ్ళన్నీ ఒకేలా మోగుతాయాయె! నిన్న పై ఇంట్లో దూరి కాఫీ అడిగారు. నువ్వు మెట్టు తప్పితేనే తల్లీ, ఆయన మెట్లు తప్పరు.”

సుభాషిణి తొడుగు పక్కన పడేసి వీణ అందుకుంది. గాంధారం మొట్టమొదటిసారి నిఖార్సుగా పలికింది. మురిసిపోయేంతలో మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది.

కావాలనే వేలు జారనిచ్చింది.