నాలుగు గంటల జెండా

“ఈ ఒక్క పూటకీ నా వాచీ కట్టుకుని పరిగెత్తవా తమ్ముడూ?” అని అడిగేశాడు మీటరు, ఛాంపియన్ మొహంలోకి చూడలేక అతని బూట్లకేసి చూస్తూ.

మీటరుది కళ్లజోళ్ల షాపు. పిచ్చి మాత్రం పరుగు. దూరం, వేగం లెక్కగట్టే వాచీని నాలుగడుగులకోసారి చూసుకుంటాడని ఊళ్లో తోటి పరుగువాళ్లు పెట్టిన పేరది. మారథాన్‌ని నాలుగు గంటల్లోపు ముగించాలని ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నాడు. ఆ గీత దాటడం లేదు. చివరికి షాపు బావమరిదికి అప్పగించి, నేర్చుకుంటే మహామహుల దగ్గరే నేర్చుకుంటానని విమానమెక్కి, ఛాంపియన్లు సాధన చేసే ఈ పరాయి దేశపు శిబిరానికి వచ్చాడు.

వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఆఖరే. ఇతను చేరేసరికి మిగతావాళ్లు స్నానాలు చేసి, తినేసి, బట్టలు కూడా ఉతికి ఆరేసుకునేవారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఇంకా సిగ్గుగా ఉండేది. ఎల్లుండి ఇంటికెళ్లి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

“మరీ నీ వేగంతో వద్దు, ఎవరూ నమ్మరు,” అన్నాడు. “నాలాంటివాడు కాస్త బాగుపడితే ఎలా ఉంటుందో, అలా.”

ఛాంపియన్ నవ్వి వాచీ అందుకున్నాడు.

అది చివరి పరుగు. పూర్తి మారథాన్ దూరం. ఛాంపియన్ ఇంకా వాచీ పట్టీ బిగించుకుంటూ ఉండగానే మీటరు తల దించుకుని బయల్దేరాడు. ఎవరు ఎప్పుడు దాటిపోయారో చూడలేదు. వేగం చూసుకుందామంటే చేతికి వాచీ లేదు. వెనక్కి తిరిగే పని అసలే లేదు. ఆఖరివాడి వెనక ఎవరుంటారు? అడగకూడనిది అడిగానే అని గుర్తొచ్చినప్పుడల్లా ప్రాణం చచ్చిపోయి, ఆ మాట నుంచి పారిపోతున్నట్టే కాళ్లు విసిరాడు.

గేటు చేరి, గోడకు జారగిలబడి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఛాంపియన్ ఎదురుగా వాచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయాసం అన్నదే లేదు. వాచీలో నాలుగు గంటలకు కొద్ది నిమిషాలు తక్కువ. ఎంత కొలిచినట్టు పరిగెత్తాడురా మహానుభావుడు అనుకున్నాడు మీటరు. తల దించుకునే వాచీ అందుకుని, గదికి వెళ్లిపోయాడు.

ఆ సమయాన్ని ఊళ్లో పరుగువాళ్ల బృందానికి పంపాడు. ఇంకేముంది, తిరిగొచ్చేసరికి అందరూ కలిసి అతన్ని మునగచెట్టు ఎక్కించేశారు. బృందానికి పెద్ద అయిన పళ్ల డాక్టరమ్మ, వచ్చే మారథాన్‌లో నాలుగు గంటల జెండా నువ్వే పట్టుకోవాలంది. ఆ జెండా పట్టుకున్నవాడు సరిగ్గా ఆ సమయానికి గమ్యం చేరాలి. వాణ్ణి నమ్ముకుని వెనక బోలెడుమంది పరిగెత్తుతారు.

“అంత మంచి కబురు చెబుతూ, తేలు కుట్టిన దొంగలా ఆ మొహం ఏంటండీ?” అంది భార్య.

కక్కలేక మింగలేక అంతా చెప్పేశాడు.

“మీరొక్కరే మునిగితే మీ ఇష్టం. మీ వెనక వచ్చేవాళ్లేం పాపం చేశారు?” అంది ఆమె.

జెండా అందించే రోజు, డాక్టరమ్మ క్లినిక్కులో అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

“ఆ టైము నాది కాదు. నా వాచీ కట్టుకుని ఇంకొకాయన పరిగెత్తాడు.”

తపాలా ఆఫీసులో పనిచేసే అమ్మాయి, “మీ వెనకాల వస్తే నాకూ గీత దాటడం అవుతుందనుకున్నాను బాబాయ్,” అంది నెమ్మదిగా. తిట్టినా బాగుండేది. డాక్టరమ్మ జెండా తీసి బీరువాలో పెట్టేసింది. బృందంలోంచి పేరు కూడా తీసేశామని సాయంత్రానికి కబురొచ్చింది. మీటరుకి తల కొట్టేసినట్టయింది.

ఇక మిగిలింది ఒక్కటే క్షమాపణ. ఛాంపియన్‌కి ఫోన్ చేసి, వచ్చీరాని ఇంగ్లీషులో ఎలాగో చెప్పుకున్నాడు.

“నీలాంటివాడి చేత దొంగపని చేయించాను తమ్ముడూ. నన్ను క్షమించు. నీ పరుగుని నాదని చెప్పుకున్నాను.”



“నా పరుగేంటన్నా,” అన్నాడు ఛాంపియన్ అయోమయంగా, “వాచీ నేనే కట్టుకున్నాను గానీ, గేటు దగ్గర మొదలుపెట్టి మళ్లీ గేటు చేరేదాకా మీ వెనకే కదా వచ్చాను.”