పెళ్ళికారు వెనక సీటు

వంటసోడా పొట్లం మొత్తం వెనక సీటు మీద గుమ్మరించింది మెర్లిన్. అరగంటసేపు దాన్ని కదిలించకూడదు. తడినీ వాసననీ అదే లాగేసుకోవాలి.

"నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఎండ తగలనివ్వండి. ముందు సీట్ల జోలికి పోకండి, అవి బాగానే ఉన్నాయి," అంది మొగుడితో.

రత్నబాబు పరధ్యానంగా తలుపులు తెరిచాడు. కాళ్ళ కింది పట్టాలు తీసి గోడకేసి కొట్టి దులిపాడు. నిన్న సాయంత్రం నుంచీ అతని వాలకం ఇంతే. అన్నం ముందు కూర్చోవడం, రెండు ముద్దలు కెలికి లేచిపోవడం.

జగ్గయ్యపేటలో వాళ్ళ బతుకుతెరువంతా ఆ ఒక్క కారే. పెళ్ళికూతుళ్ళని ఎక్కించుకునే కారని దానికి పేరు. రేపు పొద్దున్నే వత్సవాయి సుబ్బరాయుడు గారి అమ్మాయి నీహారికని నందిగామ కల్యాణమండపానికి తీసుకెళ్ళాలి. అలాంటి కార్లో నిన్న ఓ మనిషి చచ్చిపోయింది.

విజయవాడ ఆస్పత్రి నుంచి ఎవరో ముసలావిడని తీసుకొస్తుంటే, కంచికచర్ల దాటాక వెనక సీట్లోనే ప్రాణం పోయిందట. సీటంతా తడిసిపోయింది. శవం ఎక్కిన కారని తెలిస్తే ఇక ఏ పెళ్ళికూతురూ అందులో కాలు పెట్టదు. రేపటి బేరం పోతుంది, ఆ తర్వాత అన్ని బేరాలూ పోతాయి. మెర్లిన్‌కి అలాంటి పట్టింపుల్లేవు. చర్చి తరఫున శవపేటికల పక్కన నిలబడి ఎన్ని పాటలు పాడలేదు! కానీ బేరాలిచ్చేవాళ్ళకి ఉన్నాయే!

"పోయిందని తెలియగానే అంబులెన్సు పిలిచి దించెయ్యాల్సింది. ఇంతకీ ఎవరావిడ?"

"అడక్కు మెర్లిన్. వాళ్ళ మనిషి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. గుట్టుగా తీసుకెళ్ళి దించమన్నాడు. కాదనలేకపోయా. ఎవరికీ చెప్పనని మాటిచ్చా."

"పెళ్ళానికి కూడానా?"

"నీకు చెప్పిందే ఎక్కువ."

ఆహా, ఏం మాట! సీటు తోమడానికి మాత్రం పెళ్ళాం కావాలి! ఒళ్ళు మండిపోయిందామెకి.

సోడా దులిపేసి, షాంపూ నురగ మాత్రం బ్రష్షుతో అద్ది రుద్దింది. నీళ్ళు పొయ్యలేదు. లోపలి స్పాంజి నీళ్ళు తాగిందంటే మూడు రోజులకీ ఆరదు, పైగా ముక్కవాసన. పిండిన గుడ్డతో తుడిచి తలెత్తేసరికి రత్నబాబు సాంబ్రాణి పట్టుకుని నిలబడ్డాడు.

"మతుండే తెచ్చారా? ఆ పొగ వేస్తే చావింట్లోకి వచ్చినట్టుంటుంది. గిన్నెలో కాఫీపొడి పోసి లోపల పెట్టండి, అది లాగేస్తుంది."

పక్కింటి కొండలరావు గోడ మీంచి తొంగి చూశాడు.

"పొద్దుట్నుంచీ తోముతూనే ఉన్నారేంటి రత్నబాబూ? ఎవరన్నా కక్కుకున్నారా?"

"ఆ, నిన్న ఎక్కినోళ్ళ పిల్లోడు," అన్నాడు రత్నబాబు తలెత్తకుండా.

కొండలరావు గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. లోపలికి పోయాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

అనుకున్నంతా అయింది. మూడింటికల్లా సుబ్బరాయుడు గారు మోటార్‌సైకిలు మీద వచ్చి గుమ్మం ముందు దిగారు. ఒక్కరే. తెల్లారితే కూతురి పెళ్ళి పెట్టుకుని ఈయనకి ఇక్కడేం పని? ఎవరో ఊదేశారు.

"కారు చూసిపోదామని వచ్చా," అన్నారాయన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"శుభ్రంగా తుడిచామండీ. అద్దంలా ఉంది, చూడండి," అంది మెర్లిన్, ఆయన అడక్కముందే.

ఆయన వినిపించుకోలేదు. వెనక తలుపు దగ్గర వంగి సీటు మీద అరచెయ్యి ఆనించారు. సరిగ్గా అక్కడే. ఆవిడ కూర్చున్న చోటే. ప్రభువా, ఈ ఒక్క గండం గట్టెక్కించు అనుకుంది మెర్లిన్. మొగుడి వంక చూస్తే, అతను దొరికిపోయిన దొంగలా నేలచూపులు చూస్తున్నాడు.

సుబ్బరాయుడు గారి వేళ్ళు సీటు సందులో ఆగాయి. అక్కణ్ణుంచి పొడవాటి తెల్లవెంట్రుక ఒకటి పైకి లాగారు.

ఇంత తోమినా అదెలా మిగిలింది!

"అది... మా అత్తగారిదండీ. మొన్న చర్చికి తీసుకెళ్ళాం," అనేసింది మెర్లిన్.

ఆయన ఆ వెంట్రుకని వేలికి చుట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత వీధిలోకి అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా కారు తలుపు వేశారు. అయిపోయింది, ఇక తిట్లే అనుకుంది మెర్లిన్.

"నిన్న ఇందులో పోయింది మా అమ్మేనని, రేపు నా కూతురి మెళ్ళో తాళి పడేదాకా నాలుగో మనిషికి తెలియకూడదు తల్లీ," అన్నారాయన.